ఘాటీ దిగే బండికి డ్రమ్ము మేలా, డిస్కు మేలా?

ఒడిశాలో కొరాపుట్ కొండల మీది సెమిలిగూడలో మా ఇంట్లో రెండు బండ్లున్నాయి. నాది పాతది, రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. తమ్ముడి బండికి ముందు డిస్కు. ఇద్దరం నెలకు రెండుసార్లయినా పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగుతాం. ఏది మేలన్న వాదన ఇంట్లో ఎప్పుడూ ఉన్నదే. కొత్త బండ్లయితే వాదనే అక్కర్లేదు, గెలుపు డిస్కుదే. అరిగాక సంగతి వేరు.

డ్రమ్ము తన అరుగుదలను దాచుకోదు. లోపల షూ, అంటే డ్రమ్ము గోడకు ఒత్తుకునే ముక్క, పలచబడే కొద్దీ పెడల్ ఇంకాస్త కిందికి దిగుతుంది. వెనక నట్టు రెండు చుట్లు బిగిస్తే మళ్లీ పట్టు వస్తుంది. ఇలా బిగించుకుంటూ పోతే షూ మార్చాలన్న సంగతే మరిచిపోతాం, అదీ ఉంది. అందుకే చాలా బండ్లకు డ్రమ్ము ప్లేటు దగ్గర చిన్న బాణం గుర్తు పెడతారు. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు అది గీతను తాకిందంటే షూలు మార్చాల్సిందే.

డిస్కు మాత్రం నోరు విప్పదు. డిస్కును పట్టే ప్యాడ్ ఎంత అరిగితే, దాన్ని నెట్టే పిస్టన్ అంత ముందుకు జరిగి ఖాళీని సర్దేస్తుంది. లీవర్ నిన్నటిలాగే గట్టిగా ఉంటుంది. డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం మాత్రం తగ్గుతుంది. మా తమ్ముడు అది చూసి ఆయిల్ పోసి ఊరుకున్నాడు. ప్యాడ్ మీది లైనింగ్ అయిపోయి వెనకున్న ఇనుప పలక డిస్కును గీకుతుంటే, ఆ కీచు చప్పుడు వాన వల్ల అనుకున్నాడు. చివరికి ప్యాడ్లతో పాటు డిస్కు కూడా మార్చాల్సి వచ్చింది.

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. బ్రేకు పట్టుకున్నాక 23 మీటర్లలో ఆగే బండి, పట్టు సగమైతే 46 మీటర్లు పోతుంది. ఇది చదునైన రోడ్డు లెక్క. కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, సాలూరు కింద మైదానంలో. ఆ దిగుడులో బ్రేకు నొక్కుతూనే ఉంటే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి షూకు దూరమవుతుంది, పెడల్ మెత్తబడుతుంది. డిస్కుకు గాలి తగులుతుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. దాని బలహీనత ఆయిల్. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే బుడగలు పుట్టి లీవర్ హ్యాండిల్‌కు అంటుకుపోతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి. లారీ డ్రైవర్లు చెప్పే మాట రెండు రకాలకూ ఒకటే: ఎక్కిన గేరులోనే దిగు.

వానలో నా ఓటు డిస్కుకే. చక్రం రెండు చుట్లు తిరిగేసరికి నీళ్లు విదిలించుకుంటుంది. డ్రమ్ములోకి వాగు నీళ్లు పోతే కాసేపు బ్రేకు ఉందో లేదో తెలియదు.

తర్వాతి బండికి నేను ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్నదే తీసుకుంటాను. ఘాటీకి బయలుదేరే ముందు సెల్‌ఫోన్ టార్చి వేసి ప్యాడ్ మీద అరుగుదల తెలిపే గాడి మిగిలిందో లేదో చూసుకుంటాను. పాత బండి తమ్ముడికిచ్చేస్తా. వాడికి అరిచి చెప్పే బ్రేకే కావాలి.