ప్లికర్స్ కార్డులు: చాలాకాలం వాడాక తేలిన మంచీ చెడూ

పిల్లల దగ్గర ఫోన్లు లేని తరగతికి ఆన్‌లైన్ క్విజ్ కావాలంటే ప్లికర్స్ అనే యాప్‌ను మించింది కనబడలేదు. టీచరుకు ఒక ఫోను, ప్రశ్న చూపించడానికి ప్రొజెక్టరో ఐఎఫ్‌పీ ప్యానలో (తరగతి గోడకుండే పెద్ద టచ్ తెర), పిల్లలకు తలా ఒక కాగితం కార్డు ఉంటే సరి. కార్డు మధ్యలో నల్లటి గళ్ల ఆకారం, దాని చుట్టూ చిన్న అక్షరాల్లో ఏ, బీ, సీ, డీ. తనకు సరైనదనిపించిన అక్షరం పైకి వచ్చేలా పట్టుకోవాలి. టీచరు ఫోను కెమెరాను గదంతా నెమ్మదిగా తిప్పితే జవాబులు నమోదైపోతాయి.

40 కార్డుల సెట్ సైట్‌లో ఉచితం. పెద్ద తరగతికి 63 కార్డుల సెట్ ఉంది. తిప్పలన్నీ ప్రింటింగ్ దగ్గరే. మెరిసే లామినేషన్ చేయించారా, కిటికీ వెలుగు పడి సగం కార్డులు స్కాన్ కావు. మ్యాట్ లామినేషన్ చేయించండి, లేదా పాత క్యాలెండర్ అట్టకు అంటించండి. ఆకారం చుట్టూ తెల్ల అంచు వదలకుండా కత్తిరిస్తే కెమెరా గుర్తుపట్టదు. బొటనవేలు నలుపు మీద పడినా అంతే. కార్డు నంబరూ హాజరు పట్టీ నంబరూ ఒకటే పెట్టుకుంటే పంచడం తేలిక.

ఇక దీని అసలు విలువ రెండో ఓటులో ఉంది. హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతే ఇది: ముందు ఎవరికి వారే జవాబివ్వాలి, తర్వాత పక్కవారితో వాదించుకోవాలి, మళ్లీ ఓటేయాలి. పదో తరగతి కటకాల పాఠంలో ఈ ప్రశ్న వేసి చూడండి: కుంభాకార కటకంలో పై సగాన్ని నల్ల కాగితంతో మూస్తే తెర మీద ప్రతిబింబం ఏమవుతుంది? మొదటి ఓటులో "సగమే కనబడుతుంది" అనేవాళ్లే ఎక్కువ. రెండు నిమిషాలు వదిలేస్తే, కిరణ చిత్రం గీసినవాడు పక్కవాణ్ని ఒప్పిస్తాడు: బొమ్మ పూర్తిగానే వస్తుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. మొదటి ఓటులో సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెప్పినప్పుడే ఈ చర్చ పండుతుంది. అంతకన్నా తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాల్సిందే.

ఏ జవాబుకు ఎంతమంది ఓటేశారో చూపే గ్రాఫ్‌ను మాత్రం రెండో ఓటు అయ్యేదాకా తెర మీద చూపించకండి. పొడుగు గీత ఎటుంటే తరగతంతా అటే పోతుంది, ఇక వాదనెక్కడిది? రెండు ఓట్లూ విడివిడిగా రికార్డు కావాలంటే అదే ప్రశ్నను సెట్‌లో రెండుసార్లు పెట్టుకోవాలి. ఉచిత ఖాతాలో సెట్‌కు 5 ప్రశ్నలే కాబట్టి, అసలు ప్రశ్నలు రెండుతో సరిపెట్టుకోవాలి. పీరియడ్‌కు అవే ఎక్కువ లెండి.

నలుగురికి కలిపి ఒకే కార్డు ఇవ్వడం వృథా. చురుకైనవాడు తిప్పుతాడు, మిగతా ముగ్గురూ చూస్తారు. ఈ స్కోర్లను ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులకూ కలపకండి, కలిపిన రోజు నుంచి పక్కవాళ్ల కార్డుల మీద చూపులు మొదలవుతాయి. కహూట్ అనే మరో క్విజ్ యాప్‌లో వేగానికి పాయింట్లు ఉండటంతో తెలుగు నెమ్మదిగా చదివే పిల్లలు వెనకబడతారు. ఇక్కడ ఆ బాధ లేదు.

రాత జవాబులకు మాత్రం ఇది పనికిరాదు. కంప్యూటర్ ల్యాబ్ ఉంటే గూగుల్ డాక్స్‌లో కలిసి రాయించండి, కానీ ఎవరి ఖాతాతో వాళ్లు లాగిన్ కావాలి. లింకు ఉన్నవాళ్లెవరైనా దిద్దొచ్చని వదిలేస్తే, ఏ వాక్యం ఎవరిదో వెర్షన్ హిస్టరీలోనూ (మార్పుల చరిత్ర) తేలదు.