షార్జా టీచరింటికి తిరుపతి నుంచి అమ్మానాయన

షార్జాలోనో దుబాయిలోనో బడిపంతులు ఉద్యోగం చేసే బిడ్డల దగ్గరికి తిరుపతి నుంచి పెద్దవాళ్ళు బయల్దేరేటప్పుడు అందరూ ముందు చూసేది టికెట్ ధర. చూడాల్సింది బడి క్యాలెండర్. అక్కడి ఇండియన్ సిలబస్ బడులకు ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం మొదలవుతుంది. జూలై, ఆగస్టు వేసవి సెలవులు, డిసెంబరులో చలికాలం సెలవులు. టర్ము మధ్యలో టీచరుకు లీవు దొరకడం కష్టం. పోనీ వేసవి సెలవుల్లో రమ్మందామా అంటే ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, మేడమీది ట్యాంకు కాగిపోయి చన్నీళ్ళ కుళాయిలోనూ వేడినీళ్ళే వస్తాయి. మన రేణిగుంట ఎండకు అలవాటుపడ్డ ఒళ్ళు కూడా ఆ ఉక్కకు తట్టుకోదు. డిసెంబరు మొదట్లో దిగి సంక్రాంతికి ఇల్లు చేరేలా పెట్టుకుంటే చలీ సెలవులూ రెండూ కలిసొస్తాయి. ఇంకో సంగతి: 2022 జనవరి నుంచి షార్జాలో శుక్ర, శని, ఆదివారాలు మూడూ సెలవే. దుబాయిలో శుక్రవారం సగం పూట బడి ఉంటుంది. పెద్దవాళ్ళను తిప్పడానికి షార్జా టీచరుకున్నంత వెసులుబాటు దుబాయి టీచరుకు ఉండదు.

వీసాకు ముందు పాస్‌పోర్టులో పేరు చూడండి. పేరు ఒకే మాటగా ఉండి, ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మన పెద్దవాళ్ళకు మామూలే. అలాంటివాళ్ళకు విజిట్ వీసా ఇవ్వబోమని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని తర్వాత సడలించింది. అయినా చెన్నై ఎయిర్‌పోర్టు కౌంటర్లో వాదించుకునే బదులు, తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఇంటిపేరు చేర్పించి కొత్తది తీసుకోవడమే మేలు. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలుండాలి. వీసా 30 రోజులకో 60 రోజులకో ఉంటుంది, గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. సంక్రాంతి దాకా ఉండేటట్టయితే మొదటే 60 రోజులది తీసుకోండి.

తిరుపతి వాళ్ళకు చెన్నై ఎయిర్‌పోర్టే దారి. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా కారుకు దాదాపు నాలుగు గంటలు. రైలు చవకే. సెంట్రల్‌లో దిగితే ఎయిర్‌పోర్టుకు నేరుగా మెట్రో ఉంది. కానీ నాలుగు పెట్టెలతో, మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లూ ఎస్కలేటర్లూ వద్దు. ఇద్దరు పెద్దవాళ్ళకు కారు ఖర్చు దండగ కాదు. చిత్తూరు వాళ్ళు రాణిపేట, కాంచీపురం దారిలో వస్తే నగరం నడిబొడ్డు తగలదు. బెంగళూరు టికెట్ తక్కువకొస్తే కోలారు, హొస్కోటె మీదుగా దేవనహళ్ళి చేరడమూ మంచి దారే.

దిగడానికి షార్జా ఎయిర్‌పోర్టే నయం. దుబాయిలో సామాన్ల దగ్గరికి చేరేసరికే కాళ్ళు పీకేస్తాయి, షార్జా చిన్నది. కాకపోతే షార్జాలో విమానం దగ్గర మెట్లు దిగి బస్సెక్కాల్సి రావచ్చు. అందుకే వీల్‌చెయిర్ అడిగేటప్పుడు ఊరికే 'కావాలి' అంటే చాలదు. మెట్లు ఎక్కగలరా లేదా అన్నదాన్నిబట్టి కోడు మారుతుంది. ఎక్కలేరని రాయిస్తేనే లిఫ్టు బండి వస్తుంది. ఈ మాట టికెట్ కొనేటప్పుడే చెప్పాలి.

పెట్టె సర్దడంలోనే మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతింటారు. గసగసాలు యూఏఈలో మాదకద్రవ్యం కింద లెక్క, మసాలా పొడిలో కలిసున్నా తీసుకెళ్ళకూడదు. తమలపాకులు కూడా తీసుకెళ్ళకూడదు. హారతి కర్పూరం, ఎండు కొబ్బరి చిప్పలు చెన్నైలోనే పట్టేస్తారు. కర్పూరం ఇట్టే అంటుకుంటుంది, కొబ్బరిలోని నూనె తనంతట తాను వేడెక్కుతుంది. తిరుమల లడ్డూకు అడ్డులేదు. వేడి పూర్తిగా ఆరాక కాగితంలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి చేతిబ్యాగులో వేసుకోండి. నిప్పట్లు, చెనిక్కాయల పొడి హాయిగా వెళ్తాయి. ఊరగాయ మాత్రం పెద్ద పెట్టెలోకే. గాలి ఒత్తిడి తగ్గితే సీసాలోని గాలి ఉబ్బి నూనెను బయటికి తోస్తుంది కాబట్టి పైన తేలిన నూనె వంచేసి, మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో కట్టి బట్టల మధ్య పెట్టండి. బీపీ, షుగర్ మాత్రలకు డాక్టరు చీటీ జతచేస్తే సరిపోతుంది. కోడీన్ ఉన్న దగ్గుమందు, ట్రమడాల్, నిద్రమాత్రలు ఉంటే అక్కడి ప్రభుత్వ అనుమతి ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి.

టీచరు ఫ్లాటు సాధారణంగా ఒక్క బెడ్‌రూమ్. పడకగది పెద్దవాళ్ళకిచ్చి బిడ్డలు హాల్లో సర్దుకుంటారు. మూడు వారాలు దాటితే ఇది ఇద్దరికీ ఇబ్బందే. అప్పుడు అదే బిల్డింగులో గానీ పక్క వీధిలో గానీ నెలకు హోటల్ అపార్ట్‌మెంట్ తీసుకోవడం మంచిది, దూరంగా చవకది దొరికినా వద్దు. ఎందుకంటే టీచరు పొద్దున ఆరున్నరకే బడికి వెళ్ళిపోతే మధ్యాహ్నం మూడున్నర దాకా వాళ్ళే ఉండాలి. ఆ తొమ్మిది గంటలు సాఫీగా గడిస్తేనే ప్రయాణం బాగున్నట్టు. తలుపు వేస్తే దానంతటదే తాళం పడుతుంది, రెండో తాళంచెవి నాయన జేబులో ఉండాలి. కరెంటు పొయ్యి వాడకం మొదటి రోజే చూపించాలి. అక్కడ వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది, కాల్ కలవదు. తిరుపతిలో ఉండిపోయే ఇంటివాళ్ళ ఫోన్లలో, అక్కడ కాల్ కలిసే బోటిమ్ యాప్ బయల్దేరకముందే ఎక్కించి, ఒకసారి మాట్లాడించి చూడండి.

చూసేవాటిలో మొదటి ఓటు, దుబాయి నుంచి అబూధాబి వెళ్ళే దారిలో అబూ మురైఖాలో ఉన్న బాప్స్ (స్వామినారాయణ సంస్థ) హిందూ మందిరానికి. 2024 ఫిబ్రవరిలో తెరిచారు. ఏడు సన్నిధుల్లో ఒకటి పద్మావతీ సమేత బాలాజీది. మన ఊరి స్వామిని ఎడారిలో చూస్తే పెద్దవాళ్ళ మొహాలే వేరు. సోమవారం సెలవు, ముందే ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకోవాలి. అదే దారిలో ఇంకా ముందుకెళ్తే అబూధాబి షేక్ జాయెద్ మసీదు. తల కప్పుకోవాలి, ఒళ్ళు నిండా బట్ట ఉండాలి, నడుం కనబడే చీరకట్టుతో లోపలికి పంపరు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే మోకాళ్ళు మూలుగుతాయి. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు, కింద నుంచి చూస్తే చాలు. పైకెక్కే టికెట్ డబ్బులతో నాలుగు మంచి భోజనాలు వస్తాయి. దుబాయి క్రీక్‌లో అబ్రా పడవ ఒక్క దిర్హామే. పెద్దవాళ్ళకు అదే ఎక్కువ నచ్చుతుంది, ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకోండి, గట్టుకూ పడవకూ మధ్య సందు ఉంటుంది. గురువారం సాయంత్రం దుబాయి నుంచి షార్జాకు అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద రావొద్దు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు.

తిరుగు ప్రయాణంలో బంగారం సంగతి. సుంకం లేకుండా నగలు తెచ్చుకునే వెసులుబాటు ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవాళ్ళకే, చూడ్డానికి వెళ్ళొచ్చినవాళ్ళకు కాదు. అమ్మ వెళ్ళేటప్పుడే బరువైన గొలుసూ గాజులూ వేసుకుంటే, చెన్నై కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ (ఆ నగలు ఇక్కడినుంచే తీసుకెళ్ళినవన్న రుజువు) రాయించుకుని ఆ కాగితం పాస్‌పోర్టుతోనే ఉంచండి.