హార్ట్ ఫెయిల్యూర్ మందులు: ట్రయల్ లెక్కా, కౌంటర్ లెక్కా... ఏది మేలు?

మా అక్క కొడుకు గుంటూరులోనే ఫార్మ్‌డీ (మందుల వాడకం మీద డాక్టరేట్ కోర్సు) చదువుతున్నాడు. ప్రాజెక్టుకి హార్ట్ ఫెయిల్యూర్ (గుండె సరిగా రక్తం పంప్ చేయలేని జబ్బు) మందుల అంశం ఎంచుకున్నాడు. మొన్నొక సాయంత్రం కొత్తపేటలో మా మందుల షాపుకొచ్చి, "మావయ్యా, మందుల్ని మనుషుల మీద పరీక్షించే అంతంత పెద్ద ట్రయల్స్ ఉండగా మళ్లీ మామూలు పేషెంట్ల వివరాలు రాసుకోవడం దేనికి?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఒక పెద్దాయన వచ్చాడు. గుండె పంపింగ్ తగ్గిందని సాకుబిట్రిల్-వల్సార్టాన్ అనే బిళ్ల రాశారు, రోజుకి రెండు, నెలకి 60. "పదివ్వు బాబూ, మిగతావి ఒకటో తారీఖున" అన్నాడు. షీటు ఇస్తూ ఇవి అయిదు రోజులకే వస్తాయన్నాను. "రాత్రిది మానేశాలే, కళ్లు తిరుగుతున్నాయి." డాక్టరు గారికి చెప్పారా అంటే, తిడతారని చెప్పలేదట. 2023లో పేటెంట్ అయిపోయాక ఆ బిళ్ల ధర బాగానే దిగింది. అయినా ఈయనకి 60 ఒక్కసారి కొనే బిళ్ల కాలేదింకా.

ఆయన వెళ్లాక వాడితో అన్నాను, ఈ బిళ్ల మీద 2014లో వచ్చిన పారడైమ్-హెచ్ఎఫ్ ట్రయల్ తీసి చూడరా అని. ఎవరికి ఏ మందో చీటీలేసి 8,442 మందిని రెండు గుంపులు చేశారు, లెక్కలోకి తీసుకుంది 8,399 మందిని. గుండెజబ్బుతో చనిపోవడమో, హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రిలో చేరడమో ఎనాలప్రిల్ అనే పాత మందు గుంపులో 26.5 శాతం, కొత్త బిళ్ల గుంపులో 21.8. గుంపులు కట్టింది చీటీ కాబట్టి ఆ తేడా బిళ్లదే. దీనికి సాటివచ్చే రుజువు మరొకటి లేదు. కాకపోతే చీటీలేయకముందే రెండు మందులూ వేయించి చూశారు. మొదలుపెట్టింది 10,513 మంది, చీటీ దాకా వచ్చింది 8,442. పడనివాళ్లు అక్కడే ఆగిపోయారు. మా పెద్దాయన కూడా బహుశా చేటలో చెరిగినప్పుడే ఎగిరిపోయేవాడు.

రెండో వైపు స్పైరోనోలాక్టోన్ కథ. ఇదీ హార్ట్ ఫెయిల్యూర్ బిళ్లే, కాకపోతే రక్తంలో పొటాషియం పెంచుతుంది, అది మరీ పెరిగితే గుండెకే ముప్పు. 1999లో రేల్స్ ట్రయల్ అది ప్రాణాలు నిలుపుతుందని తేల్చింది. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) 2.5 దాటినవాళ్లని, పొటాషియం 5 దాటినవాళ్లని అందులో చేర్చుకోలేదు. బయట డాక్టర్లు మాత్రం విరివిగా రాశారు. కెనడాలోని ఒంటారియోలో పెద్దవయసు పేషెంట్ల రికార్డులు తిరగేస్తే, పొటాషియం పెరిగి ఆస్పత్రిలో చేరినవాళ్లు 1994లో వెయ్యికి 2.4 మంది, 2001లో 11 మంది. బిళ్ల మంచిదే. ట్రయల్లో పేషెంట్లు వేరు, బయట వేరు, రక్తపరీక్షలూ అంతే. ఈ సంగతి ఏ ట్రయలూ చెప్పలేదు, రికార్డులే చెప్పాయి.

మన దగ్గర దానికి తోడు మే నెల ఎండలు. నీరసంగా ఉన్నాడని కోడలు ప్రేమగా కొబ్బరిబొండం కొట్టించి తాగిస్తుంది. అందులో పొటాషియం దండిగా ఉంటుంది. బీపీకి మంచిదని తెచ్చుకునే తక్కువ సోడియం ఉప్పులోనూ అదే. ఆవకాయ మానలేక ఆ ఉప్పుతో కలిపించుకున్న మహానుభావుణ్ణి కూడా చూశాను.

అలాగని రికార్డులు చూసి ఏ బిళ్ల మేలో తేలుస్తానంటే ఒప్పుకోను. జబ్బు ముదిరినవాళ్లకే డిగాక్సిన్ అనే పాత గుండె మందు రాస్తారు, ఆ తర్వాత లెక్కల్లో డిగాక్సిన్ వాడినవాళ్లే ఎక్కువ పోయినట్టు కనబడుతుంది. ఆస్పత్రులున్న మా కొత్తపేట సందుల్లో రోగులు ఎక్కువ కనబడతారు, కొత్తపేటకొస్తే జబ్బు చేస్తుందంటామా? 1997లో 6,800 మందికి చీటీలేసి చూస్తే డిగాక్సిన్ వల్ల చావులు పెరగనూ లేదు, తగ్గనూ లేదు.

మూడో దారి ఒకటుంది, నాకు అన్నిటికన్నా నచ్చింది. చీటీ మాత్రం వేసి, మిగతా వైద్యం ఎప్పటిలా సాగనివ్వడం. ఒంటికి నీరు పడితే ఆ నీటిని లాగే బిళ్లల్లో లాసిక్స్ కన్నా టార్సెమైడ్ మేలని చాలామంది డాక్టర్ల నమ్మకం, కొన్ని రికార్డుల లెక్కలూ అలాగే చూపించాయి. అమెరికాలో 2,859 మందికి చీటీలేసి, తర్వాత ఫోన్లు చేసి కనుక్కున్నారు. 2023లో వచ్చిన ఫలితం: చావులు టార్సెమైడ్‌తో 26.1 శాతం, లాసిక్స్‌తో 26.2 శాతం. నమ్మకం గాల్లో కలిసింది! అయితే అది అరవై ఆస్పత్రుల పని. మా వాడి చేతిలో ఉన్నది ఆరు నెలలు, ఒక స్కూటీ.

అందుకే వాడికి రికార్డులే మేలన్నాను. ప్రశ్న మాత్రం మార్చుకోమన్నాను. ఎవరికి ఏ డోసు రాశారు, ఎంత వేసుకుంటున్నారు, ఎప్పుడు మానేశారు, పొటాషియం చివరిసారి ఎప్పుడు చూశారు. తిరువనంతపురంలో 2013లో 1,205 మందితో ఇలాంటి రిజిస్ట్రీయే (పేషెంట్ల వివరాలు వరసగా రాసుకునే పట్టిక) కట్టారు. పంపింగ్ తగ్గినవాళ్లలో, రాయాల్సిన మందులన్నీ రాయించుకుని ఇంటికెళ్లింది పాతిక శాతమేనని అలాగే బయటపడింది.

"సరే, ఆస్పత్రి ఫైళ్లు తెచ్చుకుంటా" అని లేవబోయాడు. ఆగరా అన్నాను. ఫైల్లో ఉండేది మళ్లీ చూపించుకోవడానికి వచ్చినవాళ్లే. రానివాడు బాగుపడి రాలేదా, డబ్బుల్లేక రాలేదా, పోయాడా, ఫైలుకి తెలియదు. నా బిల్లు పుస్తకానికీ తెలియదు. ఫోన్ నంబర్లు తీసుకుని, వాళ్ల అనుమతితో నెలనెలా ఫోన్ చేసి, "రాత్రి బిళ్ల వేసుకుంటున్నారా" అని విడిగా అడగాలి. మందులు వాడుతున్నారా అంటే అందరూ వాడుతున్నామనే అంటారు.