ఇంటి తనిఖీ నివేదికలపై లోగో వాటర్‌మార్క్: వర్డ్, అక్రోబాట్, పీడీఎఫ్‌టీకే వాడి చూశాక

కొత్త ఫ్లాటు తాళాలు తీసుకునే ముందు ఇంటిని గదిగదినా పరీక్షించి, లోపాలను ఫొటోలతో సహా రాసి ఇవ్వడం నా వృత్తి. హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్, బాచుపల్లి వైపు కడుతున్న ఎత్తైన భవనాల్లోనే మా పని ఎక్కువ. గోడల్లో చెమ్మ, టైల్స్ కింద బోలు, బాత్‌రూమ్ నేల వాలు, ఎర్తింగ్, కిటికీ చట్రాల సందులు, ఇవన్నీ చూసి నివేదిక తయారు చేస్తాం. ప్రతి నివేదిక మీదా మా సంస్థ లోగోను వాటర్‌మార్క్‌గా, అంటే పేజీ వెనక పలుచగా కనిపించే గుర్తుగా, వేయడం కొన్నేళ్లుగా అలవాటు. ఇందుకోసం మూడు సాధనాలు ఎక్కువ కాలం వాడాను: మైక్రోసాఫ్ట్ వర్డ్, అడోబ్ అక్రోబాట్ ప్రో, ఉచితంగా దొరికే పీడీఎఫ్‌టీకే. ప్రస్తుతం మూడోదానితోనే పని నడుస్తోంది. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పని తేలిగ్గా కనిపించినా నివేదిక విలువను నిలబెట్టేదీ పాడుచేసేదీ ఇదే.

అసలు వాటర్‌మార్క్ ఎందుకు అని చాలామంది అడుగుతారు. నివేదిక మొదట ఒక కుటుంబానికి వెళ్తుంది. ఆ తర్వాత అది ఎక్కడెక్కడికి పోతుందో చెప్పలేం. అదే టవర్‌లో ఫ్లాటు కొన్నవాళ్ల వాట్సాప్ గ్రూపులోకి చేరుతుంది. ఎవరో రెండు పేజీలు మాత్రం విడిగా తీసి బిల్డర్ కార్యాలయానికి పంపుతారు. అక్కడి సైట్ ఇంజనీరు ఆ పేజీ చూసి, ఇది ఎవరు రాశారు, ఏ ఫ్లాటుది, ఎప్పటిది అని అడుగుతాడు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు. ప్రతి పేజీకీ వెనక లోగో, అడుగున నివేదిక సంఖ్య, తేదీ, ఫ్లాటు నంబరు ఉంటే ఆ ప్రశ్నలకు ఆ పేజీయే జవాబిస్తుంది. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, 2016లోని సెక్షన్ 14(3) ప్రకారం ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపంగానీ పనితనంలో లోపంగానీ కొన్నవారు చూపిస్తే, ప్రమోటర్, అంటే బిల్డర్, 30 రోజుల్లో ఖర్చు తీసుకోకుండా సరిచేయాలి. అంటే ఈ రోజు ఇచ్చిన నివేదికను నాలుగేళ్ల తర్వాత ఎవరైనా మళ్లీ తెరిచి చూడవచ్చు. విడిపోయిన పేజీ కూడా తన ఊరూ పేరూ చెప్పుకోగలగాలి.

ఈ సాధనాలన్నిటినీ నేను ఒకే గీటురాయి మీద చూస్తాను: లోగో అక్షరాల వెనక ఉండాలి, లోపం చూపించే ఫొటో మీద ఎట్టి పరిస్థితిలోనూ ఉండకూడదు. ఇది అందం గురించిన పట్టింపు కాదు. ప్లాస్టరింగ్‌లో వచ్చే వెంట్రుకవాసి పగులు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. తెల్లటి గోడ మీద చెమ్మ తొలిదశలో లేత బూడిదరంగు నీడలా కనిపిస్తుంది, అంతే. వాటర్‌మార్క్ కూడా సరిగ్గా ఆ రంగులోనే, అంత పలుచగానే ఉంటుంది. ఒకసారి ఒక పెద్దావిడ వేరే సంస్థ ఇచ్చిన నివేదిక పట్టుకొచ్చారు. ఫొటోల మీదుగా లోగో ఏటవాలుగా పరుచుకుని ఉంది. పడకగది గోడ ఫొటో చూపించి, “బాబూ, ఈ గీత కూడా పగులేనా?” అని అడిగారు. “కాదమ్మా, అది లోగోలోని గీత” అన్నాను. దాని పక్కనే అసలు పగులు ఉంది. రెండింటినీ వేరుచేసి చూపించడానికి ఆ గోడ దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. బిల్డర్ తరఫు మనిషి ఆ ఫొటో చూసి, అదంతా లోగో నీడే అంటే ఆవిడ ఏమని వాదించగలరు? డబ్బిచ్చి చేయించుకున్న తనిఖీ ఆవిడకు అక్కరకు రాకుండా పోయేది.

థర్మల్ కెమెరా చిత్రాల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. అందులో రంగే సమాచారం. పక్కన ఉష్ణోగ్రత కొలబద్ద ఉంటుంది, చెమ్మ ఉన్నచోటు చుట్టూ ఉన్న గోడకన్నా చల్లగా వేరే రంగులో కనిపిస్తుంది. దాని మీద పది శాతం బూడిదరంగు పొర వేసినా రంగు మారిపోతుంది, కొలబద్దతో పోల్చి చూడడం కుదరదు.

ఇక సాధనాల సంగతి. వర్డ్‌లో డిజైన్ ట్యాబ్‌కు వెళ్లి, వాటర్‌మార్క్, కస్టమ్ వాటర్‌మార్క్, పిక్చర్ వాటర్‌మార్క్ అని ఎంచుకుంటే లోగో పడుతుంది. వాష్‌ఔట్ అనే గడిలో టిక్ పెడితే లోగో వెలిసినట్టు అవుతుంది. ఎంత వెలిసిపోవాలో మాత్రం ఆ పెట్టెలో మనం చెప్పలేం. వర్డ్ ఈ బొమ్మను పేజీ హెడర్‌లో దాచిపెడుతుందన్న సంగతి తెలిసి ఉండాలి. నివేదికలో సెక్షన్ బ్రేకులు ఉండి, హెడర్లు ఒకదానితో ఒకటి ముడిపడి లేకపోతే కొన్ని పేజీల్లో లోగో వస్తుంది, కొన్నింటిలో రాదు. మొదటి పేజీకి వేరే హెడర్ పెట్టుకుంటే అక్కడ విడిగా చూసుకోవాలి. పట్టికల్లో రంగు నింపిన గడులు లోగోను కప్పేస్తాయి. మా నివేదికలో ప్రతి గదికీ ఒక పట్టిక, తీవ్రతను బట్టి గడులకు రంగు ఉంటుంది కాబట్టి పేజీలో లోగో ముక్కలు ముక్కలుగా కనిపించేది. అయితే మెచ్చుకోదగ్గది ఒకటుంది. లోగో రాతకు వెనకే ఉంటుంది కనుక ఫొటోలు చెక్కుచెదరవు. పది పేజీల లోపు, సాదా నివేదిక ఇచ్చేవారికి వర్డ్ చాలు. వేరే ఏదీ వెతకనక్కర్లేదు.

అక్రోబాట్ ప్రోలో అన్నీ చేతికి అందేలా ఉన్నాయి. లోగో ఎంత పలుచగా ఉండాలి, పేజీలో ఎంత వంతు ఆక్రమించాలి, ఏ కోణంలో తిరగాలి, రాతకు వెనకా ముందా, ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు, అన్నీ ఒకే పెట్టెలో తేలిపోతాయి. తెర మీద కనిపించి ముద్రణలో రాకుండా చేసే వీలు కూడా ఉంది. ఒకసారి కుదుర్చుకున్న అమరికను పేరుపెట్టి భద్రపరిచి, ఫైళ్లన్నిటికీ ఒకేసారి వేయవచ్చు. కొత్తవారికి నేర్పడం సులువు. కానీ ఇది చందా కట్టి వాడేది, ఉచితంగా వచ్చే రీడర్‌లో ఈ పని జరగదు. ఇద్దరు ముగ్గురితో నడిచే చిన్న సంస్థకు ఈ ఒక్క అవసరం కోసం ప్రతి కంప్యూటర్‌కూ చందా కట్టడం భారమే. పీడీఎఫ్‌లో వేరే సవరణలు కూడా నిత్యం చేసేవారైతే పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

పీడీఎఫ్‌టీకే చూడగానే భయపెడుతుంది. బొత్తాలు ఉండవు. నల్లటి కమాండ్ కిటికీలో ఆదేశం టైపు చేయాలి. అయినా దీన్ని వదలకపోవడానికి కారణం బ్యాక్‌గ్రౌండ్ అనే ఆదేశం. లోగో ఉన్న ఒక పేజీ పీడీఎఫ్‌ను దానికి ఇస్తే, నివేదికలోని ప్రతి పేజీకీ అడుగున పరుస్తుంది. ఫొటోలు, పట్టికలు, అక్షరాలు అన్నీ దాని పైనే ఉంటాయి. నేను పెట్టుకున్న గీటురాయికి ఇంతకన్నా సరిగ్గా సరిపోయేది నాకు కనపడలేదు. దీనికి తోడు మల్టీబ్యాక్‌గ్రౌండ్ అనేది ఉంది. లోగో ఫైలులోని మొదటి పేజీ నివేదిక మొదటి పేజీకి, రెండోది రెండోదానికి వెళ్తాయి. లోగో ఫైలులో పేజీలు అయిపోతే చివరి పేజీయే మిగతా అన్నిటికీ వర్తిస్తుంది. కాబట్టి మొదటి పేజీ ఖాళీగా, రెండో పేజీలో లోగోతో రెండు పేజీల ఫైలు చేసుకున్నాను. ముఖపత్రం శుభ్రంగా ఉంటుంది, లోపలి పేజీలన్నిటికీ లోగో పడుతుంది. ఆదేశాన్ని ఒక బ్యాచ్ ఫైలులో, అంటే ఆదేశాలను తనంతట తానే నడిపే చిన్న ఫైలులో, రాసి పెట్టాం. మా ఆఫీసులో నివేదికలు కూర్చే అమ్మాయి పీడీఎఫ్‌ను లాగి ఆ ఫైలు మీద వదులుతుంది, అంతటితో అయిపోతుంది.

ఇదే పద్ధతిలో ఇంకో మేలు దొరికింది. మేము ఒకే ఫ్లాటుకు కనీసం రెండు నివేదికలు ఇస్తాం: తాళాలు తీసుకునే ముందు ఒకటి, బిల్డర్ మరమ్మతులు చేయించాక ఇంకొకటి. రెండూ ఒకేలా ఉండడంతో కుటుంబాలు తికమక పడేవి. ఇప్పుడు లోగో కింద చిన్నగా “తొలి తనిఖీ”, “మలి తనిఖీ” అని, ఇంకా సంతకం కాని ప్రతులకు “ముసాయిదా” అని వేరువేరు అడుగుపేజీలు ఉన్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఇక్కడ ఫ్లాటు కొన్నవారికి ఇది ఎంతో ఉపయోగపడింది. ఇక్కడ తల్లిదండ్రులు కాగితం పట్టుకుని, అక్కడ పిల్లలు ఫోను తెర చూస్తూ మాట్లాడుకునేటప్పుడు ఇద్దరి ముందూ ఉన్నది ఒకే ప్రతి అని వెంటనే తేలుతుంది.

పీడీఎఫ్‌టీకేలో లోగో పలుచదనం మార్చే ఏర్పాటు లేదు. అది ముందే లోగో ఫైలులో ఉండాలి. నేను ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాధనంలో ఏ4 కొలతకు, అంటే 210 × 297 మిల్లీమీటర్లకు, పేజీ తెరిచి లోగోను మధ్యలో పెట్టి, రంగు గాఢతను ఎనిమిది నుంచి పది శాతం మధ్య ఉంచి పీడీఎఫ్‌గా తీస్తాను. లోగో చుట్టూ తెల్లటి పెట్టె ఉన్న జేపెగ్ పనికిరాదు. వెనకభాగం పారదర్శకంగా ఉన్న పీఎన్‌జీ ఫరవాలేదు, గీతల రూపంలో ఉన్న ఎస్‌వీజీ అయితే ఎంత పెద్దది చేసినా చెదరదు. రంగు సంగతీ చూసుకోవాలి. పసుపు లోగో ఇంత పలుచన చేస్తే కాగితం మీద మాయమవుతుంది, ముదురు నీలం నిలుస్తుంది. లేజర్ ప్రింటర్లు లేత బూడిదరంగును చుక్కలుగా ముద్రిస్తాయి కనుక, ఖరారు చేసే ముందు దగ్గర్లోని జిరాక్స్ దుకాణంలో ఒక పేజీ తీయించి, దాన్ని మళ్లీ జిరాక్స్ చేయించి చూడాలి. మన నివేదికలు చివరికి చేరేది ఆ రూపంలోనే.

తెలుగులో రాసే పేజీలకు ఇంకా పలుచన కావాలి. పెద్దవాళ్లు చదువుకోవడానికి ప్రతి నివేదిక మొదట్లో తెలుగు సారాంశం ఇస్తాం. మన లిపిలో అక్షరం పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. వెనక లోగోలోని సన్నగీత సరిగ్గా ఒత్తు మీదుగా పోతే అక్షరం పోల్చుకోవడం కళ్లజోడు ఉన్నవారికీ కష్టమే. అందుకే సన్నగీతల లోగో కన్నా నిండుగా, మొత్తం ఒకే లేతరంగులో ఉండే లోగో వెనక పెట్టడానికి మేలు. మా లోగోకు అటువంటి రూపం ఒకటి విడిగా గీయించాను.

ఫొటోలకు గుర్తు అక్కర్లేదా అంటే, కావాలి. ఫొటో మీద కాకుండా దాని కింద. ఇమేజ్‌మ్యాజిక్ అనే మరో ఉచిత సాధనంలో స్ప్లైస్ ఆదేశం ఫొటో అడుగున కొత్తగా ఒక పట్టీ జోడిస్తుంది. అందులో లోగో, గది పేరు, తేదీ వేస్తాం. ఫొటోలో ఒక్క చుక్క కూడా మరుగున పడదు. ఫోను తీసిన అసలు ఫొటోను, అందులోని తేదీ వివరాలతో సహా, ముట్టుకోకుండా విడిగా దాస్తాం. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపాలి.

వాటర్‌మార్క్‌కు లేని బలాన్ని దానికి అంటగట్టకూడదు. అక్రోబాట్ వేసిన దాన్ని అక్రోబాటే తీసేయగలదు. మిగతావాటినీ ఓపిక ఉన్నవారు తీయగలరు. నివేదిక మార్చలేదని చూపించేది డిజిటల్ సంతకం. వరుస తప్పకూడదు: ముందు వాటర్‌మార్క్, ఆ తర్వాత సంతకం. సంతకం చేశాక పీడీఎఫ్‌టీకేతో లోగో వేస్తే సంతకం చెల్లదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఎలక్ట్రానిక్ రికార్డుల కోసం 63వ సెక్షను కింద ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువ, అంటే ఫైలు నుంచి లెక్కగట్టి తీసే వేలిముద్ర లాంటి గుర్తు, రాయాలి. ఫైలులో ఏ చిన్న మార్పు జరిగినా ఆ విలువ మారిపోతుంది కాబట్టి, అన్నీ పూర్తయిన ప్రతికే హ్యాష్ తీసి రిజిస్టరులో రాసుకుంటాం.

పీడీఎఫ్‌ను ఎక్కించగానే ఉచితంగా లోగో వేసిచ్చే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. నేను వాటి జోలికి పోను. నివేదికలో ఇంటివారి పేరు, ఫ్లాటు నంబరు, తలుపు తాళాల ఫొటోలు, ఏ కిటికీ సరిగ్గా పడడం లేదన్న వివరం వరకు ఉంటాయి. నమ్మి ఇల్లంతా చూపించిన కుటుంబం వివరాలను తెలియని సర్వర్‌కు పంపే హక్కు మనకు లేదు. పీడీఎఫ్‌టీకే, ఇమేజ్‌మ్యాజిక్ రెండూ మన కంప్యూటర్‌లోనే పనిచేస్తాయి, ఇంటర్నెట్ తీసేసినా సరే.

ఈ పద్ధతిలో ఇప్పటికీ చేత్తో చూసుకోవలసినవి రెండు రకాల పేజీలు. స్కాన్ చేసినవాటికి తెల్లటి నేపథ్యం ఉంటుంది కనుక వెనక వేసిన లోగో కనిపించదు. వాటికి స్టాంప్ ఆదేశంతో పైన వేయాలి, అందులో కొలతలు ఉంటే మూలకు జరిపిన లోగో ఫైలు వాడాలి. అడ్డంగా ఉండే ఫ్లోర్ ప్లాన్‌కు పీడీఎఫ్‌టీకే లోగో పేజీని తిప్పి అమరుస్తుంది, లోగో పక్కకు పడుకుంటుంది. ఆ పేజీలను విడిగా తీసి, అడ్డపేజీకి చేసుకున్న లోగో ఫైలుతో కలిపి, క్యాట్ ఆదేశంతో తిరిగి నివేదికలో చేర్చి, అప్పుడు సంతకానికి పంపుతాం.