పైన ఐస్ గట్టిగానే ఉంది, కింద పాలు విరుగుతున్నాయి: మా టూ డోర్ ఫ్రిజ్ సంగతి

2017 ఎండాకాలంలో విజయవాడ బందరు రోడ్డులో కొన్న 260 లీటర్ల ఫ్రాస్ట్ ఫ్రీ, అంటే లోపల పట్టే మంచును తనే కరిగించుకునే రకం ఫ్రిజ్ ఇది. ఇప్పటికీ సత్యనారాయణపురంలో మా వంటింట్లో నడుస్తూనే ఉంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే మాకు వచ్చిన సమస్య ఫ్రాస్ట్ ఫ్రీ రకం ఏ టూ డోర్ ఫ్రిజ్‌కైనా రావచ్చు. ఫ్రిజ్ మంచిదే, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. కానీ కూలింగ్ రావట్లేదు అనగానే ఎవరో ఒకరు వచ్చి గ్యాస్ అయిపోయిందంటారు చూశారూ, ఆ మాట నమ్మి వెంటనే డబ్బులు తీసి ఇవ్వకండి. ఇంత రాస్తున్నది దానికోసమే.

మాకు తేడా తెలిసింది దోసెల పిండితో. రాత్రి రుబ్బి లోపల పెట్టిన పిండి తెల్లారేసరికి మూత పైకి లేపుకుని పొంగి, కింద కూరగాయల డబ్బా మీదకి కారిపోయింది. ఆ పూటే పాలు కాస్తే విరిగాయి, పెరుగు నోట్లో పెట్టలేనంత పుల్లగా ఉంది. పైన డీప్ ఫ్రిజ్ తీసి చూస్తే మాత్రం ఐస్ ట్రే గట్టిగా గడ్డకట్టే ఉంది. పైన చల్లగా ఉండి కింద వెచ్చగా ఉండటం అనే ఈ ఒక్క గుర్తే సగం సంగతి చెప్పేస్తుంది.

మొదట వచ్చిన మెకానిక్ తలుపు తీసి, కింద అరలో చెయ్యి పెట్టి చూసి, "గ్యాస్ అయిపోయిందమ్మా, ఎక్కిస్తే కొత్తదానిలా పనిచేస్తుంది" అన్నాడు. బండిలో పెట్రోలులా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు ఈ గ్యాస్. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. "లీకెక్కడుందో చూపించండి, అది మూశాక ఎక్కిద్దురుగాని" అన్నాను. మళ్లీ వస్తానని వెళ్లినాయన రాలేదు. గ్యాస్ బాగా తగ్గితే పైన ఐస్ కూడా సరిగ్గా కట్టదు కదా, మాకు పైన అంతా బాగానే ఉందాయె. ఇంకో మాట, ఈమధ్య వచ్చే ఫ్రిజ్‌ల్లో చాలావాటిలో ఉండేది ఆర్600ఎ, అంటే ఐసోబ్యూటేన్, మంటకు అంటుకునే రకం. ఎన్ని గ్రాములు పట్టాలో వెనక స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. నిజంగానే ఎక్కించాల్సి వస్తే పైపుల్లో గాలంతా వాక్యూమ్ పంపుతో లాగేసి, తూకం వేసి ఎక్కించే మనిషినే పిలవండి, ఉజ్జాయింపుగా పట్టించేవాళ్లని రానివ్వకండి.

తర్వాత వన్‌టౌన్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఆయన కంప్రెషర్ జోలికే పోలేదు. డీప్ ఫ్రిజ్‌లో సామానంతా తీయించి, వెనక గోడకున్న ప్లాస్టిక్ షీటు స్క్రూలు విప్పి పక్కన పెట్టారు. లోపల కాయిల్, అంటే చల్లబరిచే గొట్టాల చుట్ట, కనపడలేదు, దాని బదులు పైనుంచి కిందదాకా తెల్లగా ఐసు గోడ. ఫ్యాన్ రెక్క అంచు ఆ ఐసుకు రాసుకుని ఒకచోట అరిగి ఉంది, అంతకుముందు నుంచీ రాత్రిళ్లు వినపడుతున్న గరగర శబ్దం అదే. అప్పుడాయన చెప్పింది నాకు బాగా అర్థమైంది. ఈ రకం ఫ్రిజ్‌లో చలి పుట్టేది ఆ ఒక్క కాయిల్ దగ్గరే, ఫ్యాన్ ఆ చల్లగాలిని పైనా కిందా తోస్తుంది. కాయిల్ మీద మంచు పట్టడం మామూలే, కొన్ని గంటలకోసారి ఒక హీటర్ వెలిగి దాన్ని కరిగించాలి. ఆ హీటరో, దాని సెన్సరో, వీటిని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డో పనిచేయకపోతే మంచు పెరిగి పెరిగి గాలి దారి మూసేస్తుంది, అప్పుడు కాయిల్ పక్కనే ఉన్న పై అర చల్లగానే ఉంటుంది, కింద అరకు గాలి రాదు. మీటరు పెట్టి చూస్తే మా హీటరు బాగానే ఉంది, పోయింది సెన్సరు. అది మార్చారు. కరిగిన నీళ్లు బయటికి పోయే సన్నటి రంధ్రం కూడా నల్లటి జిగురుతో పూడిపోయి ఉంటే, సిరంజితో గోరువెచ్చటి నీళ్లు కొట్టి కిందకి ధారగా పడేదాకా శుభ్రం చేశారు. అదే రోజు రాత్రికి కింద అరలో నీళ్ల సీసా చేత్తో పట్టుకోలేనంత చల్లబడింది.

మెకానిక్‌ని పిలిచే ముందు ఇది మీరే తేల్చుకోవచ్చు. సామానంతా తీసేసి, ప్లగ్గు పీకేసి, కింద పాత టవళ్లు పరిచి, రెండు తలుపులూ రాత్రంతా తెరిచి ఉంచండి. ఐసు పూర్తిగా కరిగాక ఆన్ చేస్తే కూలింగ్ బ్రహ్మాండంగా వచ్చి, మళ్లీ కొన్ని రోజులకే కింద వెచ్చబడితే అది దాదాపు ఖాయంగా ఈ డీఫ్రాస్ట్ గొడవే, అంటే మంచు కరగకపోవడమే. తొందరపడి చాకుతోనో స్క్రూడ్రైవరుతోనో ఐసు పొడవకండి, లోపలివి పల్చటి అల్యూమినియం గొట్టాలు, చిల్లు పడిందంటే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది.

అసలు రిపేరే అక్కర్లేని కేసు కూడా ఒకటుంది. బటన్లు కాకుండా చేత్తో తిప్పే మరలు (నాబ్‌లు) ఉన్న మోడళ్లలో డీప్ ఫ్రిజ్‌లో ఉండే మర చాలావాటిలో చలిని పెంచేది కాదు, గాలిని పంచేది. ఎండాకాలం ఐస్ ముక్కలు తొందరగా గడ్డకట్టాలని దాన్ని చివరిదాకా తిప్పుతారు, దాంతో గాలంతా పైనే ఉండిపోయి కింద వెచ్చబడుతుంది. దాన్ని మధ్యకు తెచ్చి ఒక రోజు ఆగండి. కింద అరలో గాలి వచ్చే సందులకు అడ్డంగా పెద్ద పులుసు గిన్నెలు పెట్టినా ఇదే జరుగుతుంది. ఎంత చల్లబడిందో చెయ్యి పెట్టి తేల్చకండి. ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి మధ్య అరలో రాత్రంతా ఉంచితే పొద్దున్నకు 4 డిగ్రీల దగ్గర చూపించాలి. పైన మైనస్ 18.

మన విజయవాడ ఎండల గురించి కూడా చెప్పాలి. ఫ్రిజ్ లోపలో వెనకో ఉండే స్టిక్కర్ మీద ఎన్, ఎస్‌టీ, టీ అని అక్షరాలుంటాయి. ఎన్ అంటే 32 డిగ్రీల దాకా, ఎస్‌టీ అంటే 38, టీ అంటే 43 డిగ్రీల దాకా గది వేడిని తట్టుకునేలా చేసిందని. రోహిణి కార్తెలో ఇక్కడ బయట 44, 45 కొడుతుంటే, పడమటి గోడ పక్కన పొయ్యికి దగ్గరగా పెట్టిన ఫ్రిజ్ ఏం చేయగలదు చెప్పండి, కంప్రెషర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. మాది గోడకు జానెడు ఎడంగా జరిపాక ఆ మోత తగ్గింది. పక్కలు వేడిగా ఉన్నాయని భయపడకండి, కొత్తవాటిలో వేడి వదిలే గొట్టాలు ఆ పక్కరేకుల లోపలే ఉంటాయి. సాయంత్రాలు వీధిలో ఏసీలన్నీ ఒకేసారి ఆన్ అయ్యేసరికి లో వోల్టేజి వచ్చి, ఫ్రిజ్ వెనక టక్‌మని శబ్దం చేసి ఆగిపోతుంటే స్టెబిలైజర్ పెట్టించండి. తలుపు రబ్బరుకు నోటు పెట్టి మూసి లాగి చూడండి, పట్టు లేకుండా జారి వచ్చేస్తే రబ్బరు మార్చాల్సిందే.

ఇన్నేళ్ల వాడకంలో నాకు నచ్చనిది ఒక్కటే, వారంటీ. కార్డు మీద పెద్ద అక్షరాల్లో పదేళ్లు అని ఉంది, అది కంప్రెషర్‌కి మాత్రమే. మాకు పోయిన సెన్సరు, పోవడానికి అవకాశమున్న హీటరు, బోర్డు, ఫ్యాన్, అన్నిటికీ ఒక్క సంవత్సరమే. కొత్తది కొనేవాళ్లు స్టార్లు, లీటర్లు అడిగాక ఈ నాలుగింటి పేర్లూ చెప్పి దేనికెంత వారంటీ అని షాపువాళ్లని అడగండి, చెప్పింది బిల్లు మీద రాయించుకోండి.