గండికోట లోయ అంచున పరుగు

జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు వెళ్తే, పెన్నా కోసుకుపోయిన ఎర్రరాతి లోయ. ట్రయల్ రన్నింగ్‌కు, అంటే కొండబాటల మీద పరుగుకు, రాయలసీమలో ఇంత అందమైన చోటు అరుదు. కానీ ఇది గుర్తులు పెట్టిన దారి కాదు. పొడవూ తక్కువే, కాబట్టి రెండు మూడు చుట్లు వేయాలి.

కోట ద్వారం నుంచి జుమ్మా మసీదు, ధాన్యాగారం దాకా నేల హాయిగా ఉంటుంది. అవి దాటితే బండలే. ఒక్కో రాయి ఒక్కో ఎత్తు, మధ్యలో నెర్రెలు. చీలమండ మెలిపడేది ఎక్కువగా తిరుగు దారిలోనే: కాళ్లు అలిసి, అడుగు సరిగ్గా పైకి లేవదు. అంచున కంచె లేదు, కాబట్టి చివరి బండల మీద పరుగు ఆపి నడవడమే మేలు. ఏటికి దిగే బాట పరుగుకు పనికిరాదు, రాళ్లు కదులుతాయి.

రోడ్డు షూ వద్దు. అడుగున గట్లున్న ట్రయల్ షూ కావాలి. వాన పడ్డ రోజు ఆ పట్టు కూడా చాలదు. నీడ దాదాపు లేదు, మనిషికి లీటరున్నర నీళ్లు మోయాలి. నవంబరు నుంచి జనవరి దాకా, తెల్లవారగానే మొదలుపెట్టి ఎనిమిదిలోపు ముగించాలి. వేసవిలో మాత్రం వెళ్లొద్దు, బండ సెగ కిందినుంచి కొడుతుంది.