బ్రాడీపేటలో జర్మన్ క్లాసు: ఏడు నెలల తర్వాత నా రివ్యూ

5కి 3.5 ఇస్తున్నా. అందులో మూడు పాఠం చెప్పే మేడంవి, ఆ అర మాత్రమే సంస్థది.

నేను గుంటూరులోనే స్టాఫ్ నర్సుని. జర్మనీ వెళ్దామని ఎ1, ఎ2 (భాషలో మొదటి రెండు స్థాయిలు; తర్వాతవి బి1, బి2) ఇక్కడ చేశా, సాయంత్రం బ్యాచ్. మొదటి నెలంతా ప్రతి మాటా రెండు బస్సులు మారేది: తెలుగులో అనుకోవడం, ఇంగ్లిష్‌లోకి తిప్పడం, అక్కణ్ణుంచి జర్మన్. మే నెల, కరెంటు లేదు, ఉక్కపోత. 'ఐ యామ్ హాట్' మీదుగా వెళ్లి "ఇష్ బిన్ హైస్" అనేశా. మేడం నవ్వాపుకుంటూ, దానికి వేరే అర్థముంది, పేషెంట్ల ముందు అనకమ్మా అన్నారు. "మీర్ ఇస్ట్ హైస్" అనాలట. "మీర్" అంటే "నాకు". మనం "నాకు ఉక్కగా ఉంది" అన్నట్టే! నేరుగా తెలుగులోంచి వెళ్లుంటే తప్పే జరిగేది కాదు. అప్పట్నుంచి ఇంగ్లిష్‌ని చెప్పులతో పాటు గుమ్మం బయటే వదిలి రమ్మనేవారు.

"వైల్" (ఎందుకంటే) పెడితే క్రియ చివరికి పోతుంది. "వైల్ ఇష్ మ్యూడె బిన్" (ఎందుకంటే నేను అలసిపోయి ఉన్నాను)లో "బిన్" మన "ఉన్నాను"లా తోకలో కూర్చుంటుంది. అమ్మాయి నపుంసకలింగమట, "డాస్ మేడ్షెన్". క్లాసంతా నవ్వింది గానీ, "అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది" అనే మనకి నవ్వే హక్కెక్కడిది?

అన్నిచోట్లా తెలుగు ఆదుకోదు. ఆదివారం క్లాసు "హల్ప్ జీబెన్"కని మెసేజ్ వస్తే, ఏడున్నర కదా అని తీరిగ్గా వెళ్లా. ఏడుకి అరగంట తక్కువని అర్థం, అంటే ఆరున్నర. అందరూ మెట్లు దిగొస్తున్నారు.

ఇక సంస్థ సంగతి. బ్యాచ్‌కి 15 మందే అన్నారు, మేం 28 మందిమి. లిజనింగ్ ఆడియో ఫోన్ స్పీకర్లో పెడతారు, వెనక బెంచీకి వినిపించేది ఫ్యాను చప్పుడే. ఫీజు 32 వేలు, రసీదు గట్టిగా అడిగితే గానీ ఇవ్వరు. కౌంటర్లో "మూడు నెలల్లో బి2" అంటే నమ్మకండి, నాకు ఎ2కే ఏడు నెలలు పట్టింది.

మొన్న టిఫిన్ బండి దగ్గర ఎన్ని ప్లేట్లంటే ఆలోచించకుండానే "త్స్వై" అన్నా. రెండు అనబోయి. ఆయన తుమ్మాననుకుని, "జలుబా అమ్మా, అల్లం చట్నీ ఎక్కువేయనా?" అన్నాడు.

బి1కి కూడా ఆ మేడం దగ్గరే చేరుతున్నా. బండి మాత్రం మెట్ల కింద పెట్టకండి, కింద షాపాయన టైర్లలో గాలి తీసేస్తాడు.